నిండు బండిని చూసి తేల్చుకోవడం: చిన్న కారు ఎంపికలో నా అనుభవం

బ్రోషర్‌లోని అంకెలు చాలావరకు ఖాళీ బండివి. ఇంటిల్లిపాదీ ఎక్కి డిక్కీ నిండితే అదే బండి వేరేగా నడుస్తుంది. అందుకే రంగూ, టచ్ స్క్రీనూ పక్కన పెట్టి ముందు బరువు లెక్క పట్టుకున్నాను.

స్పెసిఫికేషన్ల పట్టికలో కెర్బ్ వెయిట్ (ఖాళీ బండి బరువు), గ్రాస్ వెయిట్ (మనుషులూ సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) అని రెండు అంకెలుంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే బండి మోయగల బరువు వస్తుంది. మనిషికి 70 కిలోల చొప్పున ఐదుగురు పెద్దలకు 350, సామాను ఇంకో 60. అంటే 410 కావాలి. చిన్న కార్లలో ఈ తీసివేత 400 దగ్గరే ఆగిపోవడం మామూలే. ఇందులో ఒక చిక్కుంది. కొన్ని పట్టికల్లో కెర్బ్ వెయిట్‌లోనే 75 కిలోల డ్రైవర్ని ముందే కలిపేస్తారు, కొన్నింట్లో కలపరు. అది తేల్చుకోకుండా రెండు బండ్లను పోలిస్తే లెక్క తప్పినట్టే.

డిక్కీ లీటర్లను నేను అంతగా లెక్కచేయను. ఎక్కువగా వాడే పద్ధతిలో 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలను, అంటే ఒక్కోటి ఒక లీటరు, సందు వదలకుండా పేర్చి లెక్కపెడతారు. సూట్‌కేసు అలా సందుల్లో దూరదు కదా! ఇంట్లోని పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

వెనక సీటు చూడటానికీ ఒక వరస ఉంది. డ్రైవర్ సీటును మన ఎత్తుకు సరిచేసుకుని, తర్వాత దాని వెనకే కూర్చోవాలి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. తొడల కింద ఆనిక లేకపోతే గంటసేపటికే నడుము పట్టేస్తుంది. మధ్యలో కూర్చునేవాళ్లకు మూడు బిందువుల బెల్టు (నడుమునూ భుజాన్నీ పట్టేది), హెడ్‌రెస్ట్ ఉన్నాయో లేదో చూశాను. పసిపిల్లల సీటు ఉంటే దాన్ని బిగించే చూడాలి. పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేల మధ్య దూరం 280 మిల్లీమీటర్లు, అన్ని బండ్లలోనూ అంతే. తేడా వచ్చేది ముందు సీటు దగ్గర. వెనక్కి తిరిగి ఉండే సీటు బిగిస్తే ముందు సీటును జరపాల్సి వస్తుంది, పొడగరి మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి.

టెస్ట్ డ్రైవ్‌లో ముగ్గురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, మిట్ట ఎక్కించాలి. చిన్న టర్బో ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) లోపు ఊపందుకోదు. రెండో గేరులో 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఓ క్షణం ఏమీ జరగదు, ఆపైన ఒక్కసారిగా లాగుతుంది. ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ రకం, అయితే లోపలున్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం మన బదులు యాక్చుయేటర్లు (వాటిని కదిపే పరికరాలు) చేస్తాయి. గేరు మారేటప్పుడు తల ఊగేది అందుకే. మిట్టమీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడితే క్లచ్ వేడెక్కి తొందరగా అరుగుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ అదురు తెలియాలంటే చల్లారిన బండినే స్టార్ట్ చేయమనాలి. మనం వెళ్లేసరికే వేడెక్కిన ఇంజిన్‌తో ఆ సంగతి తెలియదు.

రోజుకు నాలుగైదు కిలోమీటర్లే తిరిగే ఇంటికి డీజిల్ వద్దంటాను. పొగగొట్టంలోని ఫిల్టర్లో చేరిన మసి కాలాలంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి, లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఢీకొట్టించే పరీక్షల్లో ఇచ్చే భద్రత స్టార్లలో ఏ సంవత్సరపు పరీక్ష, ఏ వేరియంట్ అన్నది చూడాలి. పరీక్షలు పోనుపోను కఠినమవుతున్నాయి, పాత ఐదు స్టార్లూ కొత్త ఐదు స్టార్లూ ఒకటి కావు.

చివరగా డిక్కీ అడుగు తెరిచి స్టెప్నీ చూశాను. స్టెప్నీగా సన్న టైరు ఇస్తే దాని మీద చాలావరకు గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని రాసి ఉంటుంది. పంక్చరైన పెద్ద టైరు ఆ గుంతలో పట్టదు, సామాను మీద పెట్టుకోవాల్సిందే. స్టెప్నీ బదులు సీలెంట్ సీసా, పంపు ఇస్తే టైరు పక్కగోడ చిరిగినప్పుడు అవి ఎందుకూ పనికిరావు.