తల వెనక్కి, పాదం దగ్గరికి

రగ్బీలో నా తలకు దెబ్బ తగిలినప్పుడు కోచ్ మొదట నొప్పి గురించి అడగలేదు. "ఈ మ్యాచ్‌లో చివరిసారి పాయింట్లు ఎవరు సాధించారు?" అన్నారు. గుర్తు రాలేదు. అయినా స్పృహ తప్పలేదు కదా, ఆడతానని వాదించాను. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పనితీరు తాత్కాలికంగా చెదరడం, రావడానికి స్పృహ తప్పనక్కర్లేదని అప్పటికి నాకు తెలియదు. ఆయన నా మాట వినకుండా బయట కూర్చోబెట్టారు. ఆ రోజు ఆయన మీద పళ్లు నూరుకున్నాను.

రెండు రోజులు విశ్రాంతి, ఫోను చూడటం వీలైనంత తక్కువ. తర్వాత నడక, తేలికపాటి పరుగు. తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ మార్గదర్శకాల ప్రకారం మాలాంటి క్లబ్ ఆటగాళ్లు కనీసం 21 రోజులు మ్యాచ్ జోలికి వెళ్లకూడదు.

ఆ ఖాళీలో మ్యాచ్ వీడియో చూశాను. ధైర్యం చాలక దెబ్బ తిన్నాననుకున్నాను గానీ, తప్పంతా కాళ్లలో ఉంది. బంతి పట్టుకున్న ఆటగాడు నా ఎడమ పక్కగా దూసుకొచ్చాడు. నా పాదం అతనికి రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది. మిగతా దూరం ఒళ్లు విసిరి దాటాను, అదీ అలవాటైన కుడి భుజంతో. గడ్డం ఛాతీకి అతుక్కుంది, చూపు నేల మీద, తల సరిగ్గా అతని దారికి అడ్డంగా. మోకాలు తగలక ఏమవుతుంది!

డాక్టరు అనుమతించాక టాకిల్‌ను, అంటే బంతి పట్టుకున్నవాణ్ని ఒడిసిపట్టి పడగొట్టడాన్ని, ఓనమాల నుంచి మొదలుపెట్టాను. ముందు మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత నడిచి వచ్చే సహచరుడి మీద, చివరికి పరుగులో. ఎడమ పక్కగా వస్తే ఎడమ భుజం, దానితోపాటు ఎడమ పాదమే అతని దగ్గర పడాలి. పాదం దగ్గర పడితే వీపు నిటారుగా నిలుస్తుంది, కళ్లు పైకే ఉంటాయి, చెంప అతని పిరుదుకు ఆనుకుని తల అతని వెనక్కి వెళ్తుంది. ఆ తర్వాత చేతులు చుట్టి బిగించడం, చిన్న చిన్న అడుగులతో నెట్టడం. చదవడానికి తేలికే. నా ఎడమ భుజం మాత్రం వారాల తరబడి మొండికేసింది. సహచరుడి అరచేతికి తల ఆనించి కదలకుండా నిలబెట్టే మెడ కసరత్తు కూడా అప్పుడే అలవాటైంది. చూడటానికి నవ్వొస్తుంది, మానలేదు.

తిరిగి ఆడిన మొదటి మ్యాచ్‌లో మళ్లీ ఎడమ పక్కగానే ఒకడు వచ్చాడు. పడగొట్టి లేచాక చూసుకుంటే, అతని నిక్కరుకు రాసుకుని చెవి ఎర్రగా కమిలింది. తలకు మాత్రం ఏమీ కాలేదు.