మూడో నంబర్ ప్లగ్ మళ్లీ తెల్లగానే వచ్చింది

నా కారు నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్ ఒక్కటే తెల్లగా కాలుతోంది, మిగతావాటికంటే ఎక్కువ అరుగుతోంది. కారణం వెతికే పనిలో 1, 3 సిలిండర్ల ఇంజెక్టర్లను (పెట్రోల్ చిమ్మేవి) ఒకదాని చోట ఒకటి పెట్టి, కారును బాగా తిప్పి, నిన్న ప్లగ్గులు విప్పాను. మూడోది మళ్లీ సున్నం కొట్టినట్టు తెల్లగానే ఉంది! మిగతా మూడూ లేత గోధుమ రంగులో చూడముచ్చటగా ఉన్నాయి. ఇంజెక్టరే దొంగ అని దాదాపు తేల్చేసుకున్నానేమో, ఒళ్లు మండిపోయింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం పాత నికెల్ ప్లగ్గుల సెట్ కొలతలు మళ్లీ ఇస్తున్నా. బిగించినప్పుడు అన్నిటి గ్యాప్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య స్పార్క్ దూకే సందు) 1.0 మి.మీ. విప్పినప్పుడు 1లో 1.14, 2లో 1.12, 3లో 1.33, 4లో 1.15. ఇవి వైర్ గేజ్‌తో తీసినవి. బ్లేడు గేజ్ పెడితే ఎలక్ట్రోడ్‌లో పడిన గుంటను లెక్కలోకి తీసుకోదు, గ్యాప్ తక్కువ చూపిస్తుంది. అరిగిన ప్లగ్గులకు అది దండగ.

అరిగిన తీరు కూడా నాలుగింట్లో ఒకేలా లేదు. 1, 2లో మధ్య ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగాయి. 3, 4లో గ్రౌండ్ ఎలక్ట్రోడ్ లోపలి వైపు గుంట పడింది. దీనికి మాత్రం టెన్షన్ అక్కర్లేదు. ఇది వేస్టెడ్ స్పార్క్ ఇంజన్, అంటే ఒక్కో కాయిల్ రెండేసి ప్లగ్గులకు ఒకేసారి స్పార్క్ ఇస్తుంది: 1-4 ఒక కాయిల్, 2-3 ఒక కాయిల్. జతలో ఒక ప్లగ్‌లో స్పార్క్ మధ్య నుంచి గ్రౌండ్‌కు దూకితే, రెండోదాంట్లో గ్రౌండ్ నుంచి మధ్యకు దూకుతుంది. అరుగుదల కూడా దాని ప్రకారమే పడుతుంది. కాబట్టి మూడోదాన్ని పోల్చాల్సింది అదే పొలారిటీ ఉన్న నాలుగోదానితో. అలా చూసినా 0.18 మి.మీ. తేడా మిగిలిపోతోంది. నా తలనొప్పంతా ఆ 0.18 గురించే.

కాయిల్ మీద అనుమానం లేదు. అది నీరసపడితే జతలోని 2 కూడా ఏదో ఒకటి చూపించాలి, అది శుభ్రంగా ఉంది. వైర్ల రెసిస్టెన్స్ పొడవుకు తగ్గట్టే ఉంది. కంప్రెషన్ వరసగా 178, 180, 168, 176 పీఎస్‌ఐ. 168 కొంచెం తక్కువే కానీ, 10 శాతం లోపు తేడాకు ఎవరూ ఇంజన్ విప్పరు.

తెలుపు రంగు చూడగానే లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అనుకుంటాం కదా, నేనూ ఆ దారినే వెళ్లాను. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోల్‌ను ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె) +11, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర +3. అంటే ఎక్కడో గాలి దూరుతోంది. మూడో ఇంజెక్టర్ అడుగున కార్బ్ క్లీనర్ కొట్టగానే ఐడిల్ మారింది, అంటే లీకేజీ అక్కడే. ఓరింగ్‌లు నాలుగూ మార్చాను, ట్రిమ్ +2కి దిగింది.

అక్కడితో కథ అయిపోవాలి, కాలేదు. నిజానికి ఆ లీకేజీ ఒక్కటే కారణమంటే నాకు మొదట్నుంచీ నమ్మకం కుదరలేదు. థ్రాటిల్ బాగా తెరిస్తే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు, చిన్న లీకేజీకి అక్కడ విలువే లేదు. ప్లగ్ వేడెక్కేదేమో లోడ్ మీద. ఇక ట్రిమ్ +2 ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఆక్సిజన్ సెన్సర్ ఒక్కటే, అది చూసేది నాలుగు సిలిండర్ల పొగ కలిసిన సగటు. ఒకటి లీన్‌గా ఉంటే ఈసీయూ నాలుగింటికీ పెట్రోల్ పెంచుతుంది, సగటు బాగానే కనిపిస్తుంది. అందుకే ఇంజెక్టర్లు మార్చి చూశాను. మూడోది సరిగ్గా కొట్టకపోతే తెలుపు దానితో పాటు ఒకటో సిలిండర్‌కు వెళ్లాలి. వెళ్లలేదు. పైగా మూడో సిలిండర్ నిజంగా లీన్ అయితే మిగతావి కాస్త నల్లబడాలి. అవీ నల్లబడలేదు.

అంటే ఇక్కడ గొడవ పెట్రోల్‌ది కాదు, వేడిది. ప్లగ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని థ్రెడ్ల ద్వారా, సీటు (ప్లగ్ ఆనుకుని కూర్చునే చోటు) ద్వారా సిలిండర్ హెడ్‌లోకి వదులుతుంది. ఆ దారి మూసుకుపోతే మిక్స్చర్ ఎంత బాగున్నా ముక్కు కాలుతుంది.

భూతద్దం కింద మూడో ప్లగ్ గాస్కెట్ (సీటు మీద నొక్కుకునే రింగు) పెట్టి చూశాను. రింగులో మూడొంతుల మేర సీటు ఒత్తిన ముద్ర మెరుస్తోంది. మిగిలిన పావు వంతులో ముద్ర లేదు, మసి ఉంది. ఆ మసి నేరుగా కింది థ్రెడ్ల మీద సన్నటి గోధుమ గీతలా దిగింది. మిగతా మూడు గాస్కెట్లకూ చుట్టూరా ముద్ర ఉంది. టార్క్ అన్నిటికీ 25 న్యూటన్ మీటర్లే.

వెంటనే ప్లగ్ బిగించి, కాయిల్ కనెక్టర్లూ ఇంజెక్టర్ కనెక్టర్లూ ఊడదీసి, ప్లగ్ ఉండే గుంతలో కాస్త సబ్బు నీళ్లు పోసి స్టార్టర్ తిప్పాను. ఒక పక్క నుంచి సన్నటి బుడగలు! నీళ్లు పీల్చేసి, ప్లగ్ తీసి కెమెరా దించితే, బుడగలు వచ్చిన వైపే సీటు మీద నల్లటి పెచ్చు. బహుశా ఎప్పటిదో నూనె, దుమ్ము కలిసి మాడిన అట్ట. లేదంటే థ్రెడ్లు పట్టేయకుండా ఎవరో పూసిన యాంటీ సీజ్ పేస్ట్ గట్టిపడిందేమో. ఆ పేస్ట్ నేను వాడను. పూత ఉన్న థ్రెడ్లకు వద్దని ప్లగ్గులు తయారుచేసే ఎన్‌జీకే వాళ్లే చెబుతారు. జారుడు ఎక్కువై, అదే టార్క్‌కు ప్లగ్ అతిగా బిగుసుకుంటుంది.

మూడోదానికి మాత్రం ఒక మెట్టు కోల్డ్ ప్లగ్ (వేడిని త్వరగా వదిలేది) వేసుకోమని సలహాలు వచ్చాయి. నాకు నచ్చదు. రంగు మారుతుందేమో గానీ లీకేజీ అలాగే ఉంటుంది. వేసేవాళ్లయినా జాగ్రత్త: ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే కోల్డ్, బాష్‌లో పెరిగితే హాట్.

తర్వాతి పని, పిస్టన్‌ను పైకి తెచ్చి, సీటు కటర్ ఉన్న థ్రెడ్ ఛేజర్‌కు (థ్రెడ్లు శుభ్రం చేసే పనిముట్టు) గ్రీజు పట్టించి ఆ పెచ్చు తీయడం. ఆ తర్వాత కొత్త సెట్. ఇరిడియం వేద్దామనుంది కానీ, గ్రౌండ్ ఎలక్ట్రోడ్ మీద కూడా ప్లాటినం ముక్క ఉన్నదే తీసుకుంటా. మధ్య తీగకు మాత్రమే ఇరిడియం ఉంటే ఈ ఇంజన్‌లో 3, 4కి ఉపయోగం ఏముంది, అక్కడ అరిగేది గ్రౌండ్ వైపు.

ఇక ఆ 168. కంప్రెషన్ గేజ్ గొట్టానికి దాని సొంత రబ్బర్ ఓరింగ్ ఉంది, కాబట్టి సీటు మీది పెచ్చు ఆ రీడింగ్‌ను తగ్గించి ఉండదు. ముందు ఎగ్జాస్ట్ వాల్వ్ క్లియరెన్స్ చూస్తా, అది సరిగ్గానే ఉంటే లీక్‌డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూసేది) అరువు తెచ్చుకోవాలి.