థర్మాకోల్ గోళంతో టార్చి ల్యూమెన్లు కొలవడం: కాలిబ్రేషన్ మూడోసారి

మొత్తానికి మూడోసారి కాలిబ్రేషన్ (తెలిసిన వెలుగుతో పోల్చి రీడింగ్ లెక్క సరిచేసుకోవడం) చేశాక ఈ గోళం చెప్పే లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది, మర్చిపోకముందే అంతా రాసి పెడుతున్నా.

ఇదంతా మా నాన్న కోసం మొదలైంది. రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్తారు, గట్ల మీద పాములు తిరుగుతుంటాయి, మంచి టార్చిలైటు ఒకటి చూడరా అన్నారు. బజార్లో తెచ్చినదాని డబ్బా మీద 5000 ల్యూమెన్లు (టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత) అని ఉంది, వేసి చూస్తే పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కంటితో చూసి చెప్పడం నాకు చాల్లేదు, నంబరు కావాలనిపించింది.

డెకరేషన్ సామాన్ల షాపులో 30 సెంటీమీటర్ల థర్మాకోల్ గోళం రెండు ముక్కలుగా దొరికింది. టార్చి మూతి పట్టేలా 5 సెంటీమీటర్ల రంధ్రం, దానికి 90 డిగ్రీల పక్కన వెలుగుని లక్స్‌లో (ఒక చోట పడే వెలుగుకి కొలత) చూపించే బీహెచ్1750 సెన్సర్, అది ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి. లోపల పడ్డ వెలుగు గోడలకి మళ్లీ మళ్లీ తగిలి అన్నివైపులా పరుచుకుంటుంది కాబట్టి బీమ్ సన్నదైనా వెడల్పైనా సెన్సర్‌కి మొత్తం వెలుగుకి తగ్గ రీడింగే రావాలి. రావాలి కానీ టార్చిని కొంచెం వంచితే 20 శాతం మారిపోయేది, రంధ్రానికీ సెన్సర్‌కీ మధ్య చిన్న థర్మాకోల్ ముక్క అడ్డం పెట్టాక 3 శాతానికి దిగింది. అతికించడానికి ఫెవికాల్ వాడండి. లోపల ఇంకా తెల్లగా ఉంటుందని నేను స్ప్రే పెయింట్ కొట్టా, అందులో సాల్వెంట్‌కి థర్మాకోల్ కరిగి గుంటలు పడి ఒక అరగోళం మొత్తం పోయింది, మళ్లీ కొత్తది కొనాల్సొచ్చింది.

మొదటిసారి తెలిసినవాళ్ల టార్చి తెచ్చి డబ్బా మీది అంకెనే ప్రమాణంగా తీసుకున్నా. బ్యాటరీ సగమే ఉంది, ఆ లెక్క ఎందుకూ పనికిరాలేదు.

అసలు ప్రమాణం మనమే తయారు చేసుకోవచ్చు, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. రిఫ్లెక్టర్ ఏమీ లేని ఒక ఎల్ఈడీని హీట్‌సింక్ మీద బిగించి, 350 మిల్లీఆంప్స్ కరెంటు స్థిరంగా ఇచ్చే డ్రైవర్ పెట్టి, పది నిమిషాలు వేడెక్కనిచ్చా. చీకటి గదిలో దానికి అర మీటరు దూరంలో సెన్సర్ పెట్టి, కింద ప్రొట్రాక్టర్ అతికించి ఎల్ఈడీని 5, 15, 25 అలా 85 డిగ్రీల దాకా తిప్పుతూ లక్స్ రాసుకున్నా. దూరం అర మీటరు కాబట్టి లక్స్‌ని 0.25తో గుణిస్తే క్యాండెలా, అంటే ఆ దిక్కుకి వెళ్లే వెలుగు తీవ్రత. ఎదురుగా 164 లక్స్ వచ్చింది, అంటే 41 క్యాండెలా. మీటరు దూరానికి జరిపితే నాలుగోవంతు, 41 లక్సే రావాలి, నాకు 43 వచ్చింది, చూస్తే పక్క గోడ సున్నం తెలుపు వెలుగుని వెనక్కి కొడుతోంది. గోడకి నల్ల దుప్పటి కట్టగానే 41కి వచ్చేసింది.

ఇప్పుడు కూడిక. ప్రతి 10 డిగ్రీల పట్టీకి ఒక గుణకం ఉంటుంది, దానితో ఆ పట్టీ క్యాండెలాని గుణిస్తే ఆ పట్టీ ల్యూమెన్లు: 0 నుంచి 10కి 0.095, 40 నుంచి 50కి 0.774, 80 నుంచి 90కి 1.091. గ్లోబు మీద ధ్రువం దగ్గర గీసిన వలయం చిన్నది, భూమధ్యరేఖ దగ్గర పెద్దది కదా, అలాగన్నమాట. అందుకే నడిమధ్య అంత వెలుగున్నా మొదటి పట్టీకి 4 ల్యూమెన్లే వచ్చాయి, 45 దగ్గర పట్టీకి 22 దాకా వచ్చాయి. మొత్తం 127. ఇలాంటి ఎల్ఈడీకి ఎదురు క్యాండెలాని 3.14తో గుణించినా దగ్గరదగ్గరగా అంతే రావాలి, 41కి 129 వస్తుంది, చేసిన పని సరిగ్గానే ఉందని అప్పుడు ధైర్యం వచ్చింది.

అదే ఎల్ఈడీ గోళంలో పెడితే 244 లక్స్, అంటే లక్స్‌కి 0.52 ల్యూమెన్లు. ఆ రాత్రి లైట్లార్పి చూస్తే గోళం మొత్తం చందమామలా వెలుగుతోంది, 2 సెంటీమీటర్ల థర్మాకోల్ గుండా వెలుగు బయటికి కారిపోతోంది, అంటే గదిలో వెలుగు లోపలికీ వస్తుంది. నల్లగుడ్డ చుట్టేశా, రీడింగ్ 212కి పడిపోయింది. రెండో కాలిబ్రేషన్ అలా పోయింది. గోళానికి గుడ్డ చుట్టినా, లోపల ఏం మార్చినా మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందే. ఇప్పుడు నా గుణకం 0.60.

ఇంకొకటి మిగిలింది. టార్చి నల్లటి తల రంధ్రంలో కూర్చుంటే అది కూడా కొంత వెలుగు మింగేస్తుంది, నా ఎల్ఈడీ ప్లేటేమో తెల్లది. దీనికి లోపల సెన్సర్‌కి నేరుగా కనపడకుండా చిన్న ఎల్ఈడీ ఒకటి శాశ్వతంగా పెట్టా. రంధ్రంలో తెల్ల ప్లేటు ఉన్నప్పుడు అది 148 చూపిస్తే ఆర్పేసిన టార్చి పెట్టినప్పుడు 139, కాబట్టి ఆ టార్చి రీడింగ్‌ని 1.065తో గుణించాలి. ప్రతి టార్చికీ ఇది వేరేగా చూసుకోవాలి, రెండు నిమిషాల పని.

రీడింగ్ ఎప్పుడు తీసుకోవాలంటే టార్చిలైట్ల కోసం ఉన్న ఎఫ్ఎల్1 స్టాండర్డ్ ప్రకారం వేసిన 30 సెకన్లకి. కొత్తగా కొన్న 18650 బ్యాటరీ (ఒక సైజు లిథియం సెల్) టార్చి వెయ్యగానే 1460 లక్స్, 30 సెకన్లకి 1330, అంటే 933 కాస్తా 850 ల్యూమెన్లు అయింది. బజారు టార్చి 5000 అన్నది 282 లక్స్ దగ్గర ఆగింది, 180 ల్యూమెన్లు. నాన్నది పాతది 110. నాన్న ఇప్పుడు కొత్తదాన్ని మీడియంలో వాడుతున్నారు, అది 350, గట్టు చివరిదాకా కనపడుతోందట.