నీట్ పీజీ ప్రిపరేషన్: మాస్ట్ సెల్ మొత్తం ఒక్క పేజీలో

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మాస్ట్ సెల్ (హిస్టమిన్ లాంటి అలర్జీ రసాయనాలను గ్రాన్యూల్స్ అనే సంచుల్లో దాచుకునే రోగనిరోధక కణం) పాథాలజీలో కొంత, ఫార్మాలో (మందుల శాస్త్రం) కొంత, డెర్మాలో (చర్మవైద్యం) కొంత చెల్లాచెదురుగా ఉంటుంది. నేను దురద అనే లక్షణాన్ని పట్టుకుని మూడు నోట్సులనూ ఒక్క పేజీలోకి తెచ్చుకున్నాను. రివిజన్‌లో నాకు బాగా కలిసొచ్చిన పేజీ అది.

మధ్యలో సెల్ బొమ్మ. 1878లో పాల్ ఎర్లిక్ తన థీసిస్‌లో వర్ణించిన సెల్ ఇది. టాలుయిడిన్ బ్లూ అనే నీలిరంగు స్టెయిన్ వేస్తే గ్రాన్యూల్స్ ఊదారంగుకు తిరుగుతాయి. చర్మంలో ఇవి ఉండేది చిన్న రక్తనాళాల పక్కన, నరాల కొసల దగ్గర. ఈ చోటు గుర్తుంటే సగం టాపిక్ వచ్చేసినట్టే. హిస్టమిన్ నాళాల మీది హెచ్1 రిసెప్టర్లకు (హిస్టమిన్ అతుక్కునే చోట్లు) తగిలితే ఎరుపు, దద్దురు. సీ ఫైబర్ల (దురదను మోసే సన్నటి నరాలు) మీది హెచ్1కు తగిలితే దురద.

డెర్మా పోస్టింగ్‌లో డెర్మోగ్రాఫిజం (చర్మం మీద గీస్తే ఆ గీత ఉబ్బే లక్షణం) కేసు దొరికితే వదలకండి. మొద్దు కొసతో వీపు మీద గీత గీయండి. ముందు ఎర్రటి గీత, తర్వాత చుట్టూ పాకే ఎరుపు, కాసేపటికి గీత పొడవునా ఉబ్బు. ఈ మూడు దశల లూయిస్ ట్రిపుల్ రెస్పాన్స్ మీ కళ్లముందే! ఆ పాకే ఎరుపు ఆక్సాన్ రిఫ్లెక్స్ (నరం కొమ్మల్లోనే తిరిగొచ్చే సంకేతం) వల్లే వస్తుంది.

ఇక అసలు ప్రశ్న: సెల్‌ని తెరిచి హిస్టమిన్ వదిలించింది ఎవరు? అలర్జెన్ సెల్ మీది రెండు ఐజీఈలను (అలర్జీ యాంటీబాడీలు) కలిపి పట్టుకుంటే టైప్ 1 అలర్జీ. దానికి ముందే ఆ అలర్జెన్ తగిలి శరీరం సెన్సిటైజ్ అయి ఉండాలి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ అలా కాదు. వేగంగా ఎక్కిస్తే మొదటి డోసుకే మెడ, ముఖం ఎర్రబడి దురద పుడుతుంది. ఐజీఈతో పని లేకుండా ఎమ్‌ఆర్‌జీపీఆర్‌ఎక్స్2 రిసెప్టర్ ద్వారా నేరుగా డీగ్రాన్యులేషన్ (గ్రాన్యూల్స్‌ను బయటికి వదలడం). సిప్రోఫ్లోక్సాసిన్ (యాంటీబయాటిక్), అట్రాక్యూరియం (మత్తులో కండరాలను సడలించే మందు) కూడా ఇదే దారి. క్లినికల్ ప్రశ్నలో 'మొదటి డోసు', 'వేగంగా' అన్న మాటలు కనిపిస్తే ఇన్‌ఫ్యూజన్ ఆపి, యాంటీహిస్టమిన్ ఇచ్చి, తగ్గాక నెమ్మదిగా ఎక్కించడమే జవాబు. బీపీ పడిపోయిందా, వీజింగ్ (ఊపిరిలో ఈల శబ్దం) ఉందా అన్నది మాత్రం తప్పక చూడండి. అవి ఉంటే అనాఫిలాక్సిస్ (ప్రాణాపాయ అలర్జీ) అనుకోండి, దానికి మొదటి మందు అడ్రినలిన్, తొడలో ఐఎమ్ (కండరంలోకి).

ప్రతి దురదనూ మాస్ట్ సెల్ ఖాతాలో వేయకండి. అటోపిక్ డెర్మటైటిస్‌లో (ఒకరకం ఎగ్జిమా) ఐఎల్-4, 13, 31 (ఇంటర్‌ల్యూకిన్ అనే సంకేత ప్రోటీన్లు) ముఖ్యం, అందుకే యాంటీహిస్టమిన్ అయిన సిట్రిజిన్‌తో ఆ దురద అంతగా లొంగదు. అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్‌ది (ఏదైనా తగిలి వచ్చే చర్మ అలర్జీ) నెమ్మదైన టీ సెల్ దారి. ప్యాచ్ టెస్టు (అనుమానిత పదార్థాన్ని చర్మానికి అతికించేది) 48 గంటలకు చూడటం అందుకే. ప్రిక్ టెస్టు (అలర్జెన్‌తో చర్మాన్ని గుచ్చి చూసేది) మాస్ట్ సెల్ దారి కాబట్టి 15-20 నిమిషాల్లో తేలిపోతుంది. కాకపోతే దానికి కొద్దిరోజుల ముందే యాంటీహిస్టమిన్ ఆపించాలి.