కబడ్డీ కోర్టులో జీపీఎస్ బనీను పనికిరాదు: సెన్సర్లు కొనేముందు చూసుకోవాల్సినవి

సంక్రాంతి పోటీలు దగ్గరపడే కొద్దీ కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కలా జట్లు నడిపేవాళ్ళు ఈమధ్య ఒకటే మాట అడుగుతున్నారు. టీవీలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళు జెర్సీ కింద వేసుకునే నల్ల బనీను మన కుర్రాళ్ళకీ కొందామా అని. ఊరి నుంచి వెళ్ళి బయట స్థిరపడ్డవాళ్ళు చందా ఇస్తామంటే ఇంక ఆగేదేముంది! కబడ్డీకి, వాలీబాల్‌కి అయితే మాత్రం ఆ డబ్బు దానిమీద పెట్టొద్దనే నేను చెబుతాను. ఎందుకో లెక్కల్లోనే తేలిపోతుంది.

ఆ బనీను వెనక, రెండు భుజాల ఎముకల మధ్య, ఒక జేబు ఉంటుంది. అందులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పరికరం పెడతారు. ఆస్ట్రేలియా కంపెనీ కేటపల్ట్‌దైనా, ఉత్తర ఐర్లండ్ కంపెనీ స్టాట్‌స్పోర్ట్స్‌దైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని సెకనుకి 10 సార్లు స్థానం, వేగం కట్టే జీపీఎస్ రిసీవర్ ఒకటి. సెకనుకి 100 సార్లు, అంతకంటే ఎక్కువ కూడా, కుదుపుల్ని కొలిచే యాక్సెలరోమీటర్, తిరుగుడుని కొలిచే గైరోస్కోప్ ఇంకో పక్క. డబ్బంతా మొదటిదాని పేరు మీద పోతుంది. మన ఆటలకు పనికొచ్చేది రెండోది.

మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. రైడర్‌కి దొరికేది అందులో సగం, 6.5 మీటర్ల లోతు. మధ్య గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, దాని తర్వాత ఒక్క మీటరుకి బోనస్ లైన్. ఫోన్లలో, వాచీల్లో ఉండే జీపీఎస్ సెకనుకి ఒక్కసారి చూస్తుంది, పైగా ఆకాశం పూర్తిగా తెరిచి ఉన్నా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే కుర్రాడు బోనస్ తొక్కాడో, బాక్ లైన్ దాటకుండానే వెనక్కొచ్చాడో దానికి తెలియదు. ఖరీదైన పరికరాలు ఇంతకంటే చాలా నయమే. అయితే అవి కూడా తడబడేది సరిగ్గా పొట్టి పరుగుల దగ్గర, చటుక్కున మళ్ళే చోట. కబడ్డీలో ఉండేవన్నీ అవే. ఇండోర్ హాల్లో మ్యాట్ మీద ఆడేటప్పుడు సంకేతమే అందదు. హాల్లోనూ స్థానం కావాలంటే కోర్టు చుట్టూ యాంకర్లు (సంకేతాలు ఇచ్చిపుచ్చుకునే చిన్న పెట్టెలు) బిగించి అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియోతో కొలిచే పద్ధతి ఉంది. అది మన జట్ల జేబుకి అందేది కాదు.

ఫుట్‌బాల్, హాకీ జట్టు ఉంటే మాట వేరు. 105 మీటర్ల మైదానంలో మీటరు తేడా వచ్చినా మొత్తం పరుగు లెక్క పెద్దగా చెడదు. అక్కడ కూడా మన డెల్టాలో ఒక చిక్కుంది. చాలా ఊళ్ళలో మైదానం చుట్టూ కొబ్బరిచెట్లే. ఆకుల గుబురు, అందులోనూ వాన పడ్డాక తడి ఆకులు, సంకేతాన్ని మింగేస్తాయి. పక్కన రేకుల షెడ్డు ఉంటే దాన్ని తగిలి వచ్చిన సంకేతం ఆటగాడిని రెండు మీటర్లు పక్కకి జరిపేస్తుంది. కొనేముందు డెమో అడిగి ఈ పరీక్ష పెట్టండి. పరికరాన్ని మైదానం మధ్యలో పావుగంట ముందే ఆన్ చేసి కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు అక్కడే నేలమీద వదిలేసి, ఎంత దూరం 'నడిచిందో' చూడండి. కదలని పెట్టె చూపించిన ప్రతి మీటరూ అబద్ధమే. తర్వాత టేపుతో 100 మీటర్లు కొలిచి, ఆ గీత వెంట ఒకసారి చెట్ల వైపు, ఒకసారి తెరిపి వైపు నడవాలి. రెండు వైపులా ఒకే అంకె వస్తే ఆ మైదానానికి అది పనికొచ్చినట్టే. ఏ పరికరం ఏ ఆటగాడిదో మొదటే నంబరు వేసి, ఎప్పుడూ వాళ్ళకే ఇవ్వండి. ఒకే మోడల్‌లో రెండు పెట్టెలు ఒకే పరుగుకి ఒకే అంకె చూపించవు. సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కొట్టినా పాత అంకెలకీ కొత్తవాటికీ పొంతన కుదరకపోవచ్చు.

ఇక అసలు సంగతికొద్దాం. కబడ్డీకి, వాలీబాల్‌కి నేను ముందు కొనమనేది గుండె పట్టీ. ఛాతీ కింద కట్టుకునే సాగే పట్టీ, ముందువైపు టిచ్ బటన్లతో అతికే చిన్న పాడ్. పోలార్ హెచ్10 లాంటి పాడ్‌లో గుండె లయని (నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో) చూసేదానితో పాటు యాక్సెలరోమీటర్ కూడా ఉంటుంది. దాని అంకెల్ని బ్లూటూత్ ద్వారా ఫోన్‌లోకి తీసుకుని రికార్డు చేసే లాగర్ యాప్‌లు ఉన్నాయి. సెకనుకి 25, 50, 100, 200 సార్లు అని నాలుగు వేగాలు, 2, 4, 8 జీ (ఒక జీ అంటే భూమి ఆకర్షణ అంత) అని మూడు పరిధులు ఎంచుకోవచ్చు. పరిధి 8 జీ పెట్టండి. 2 జీ పెడితే గట్టి అడుగు పడ్డప్పుడల్లా గ్రాఫు గీత పైకప్పుకి తగిలి చదునుగా తెగిపోతుంది. వేగం దగ్గర ఆశకి పోకూడదు. 200 పెట్టి గంటన్నర ప్రాక్టీసు రికార్డు చేస్తే 10,80,000 వరసలవుతాయి. ఎక్సెల్ షీటు పట్టేది 10,48,576. చివరి రెండున్నర నిమిషాలు షీటులోకే రావు. కుదుపుల మొత్తానికి 50 చాలు, గెంతులకైతే 100 పెట్టుకోండి.

గుండె లయ పాడ్ లోపలే ఒక సెషన్ వరకు నిలవ ఉంటుంది. యాక్సెలరోమీటర్ అంకెలకు ఫోన్ దగ్గరే ఉండాలి. మనిషి ఒంట్లో నీళ్ళు బ్లూటూత్‌ని మింగేస్తాయి కాబట్టి, నలుగురు చుట్టుముట్టినప్పుడు గ్రాఫు గీత తెగిపోవడం మామూలే. ఫోన్‌ని నేలమీద కాకుండా మధ్య గీతకి ఎదురుగా నడుమెత్తు స్టాండు మీద పెడితే చాలావరకు తగ్గుతుంది. వీడియోతో కలపడానికి ఇంకో చిట్కా: ప్రాక్టీసు మొదలయ్యే ముందు కెమెరాకి ఎదురుగా నిలబడి పాడ్ మీద వేలితో మూడుసార్లు గట్టిగా కొట్టమనాలి. గీతలో మూడు ముళ్ళు లేస్తాయి. అక్కడి నుంచి వీడియో సమయం, సెన్సర్ సమయం సరిపోతాయి.

ఒక రైడ్ గీత ఎలా ఉంటుందంటే, నిలబడి ఉన్నప్పుడు 1 జీ దగ్గర చదునుగా ఉంటుంది. అది భూమి ఆకర్షణే. కూత మొదలుపెట్టి వంగి పక్కకి అడుగులేస్తుంటే చిన్న చిన్న అలలు. వెనక కాలు విసిరినప్పుడు ఒక పదునైన ముల్లు. ఆ వెంటనే, ఒళ్ళు తేలిపోయిన క్షణంలో, గీత 1 జీ కిందకి జారి మళ్ళీ కాలు ఆనగానే పైకి ఎగురుతుంది. మధ్య గీత వైపు తిరుగు దూకుడే అన్నిటికంటే పెద్ద ముల్లు. ప్రాక్టీసు మొదటి సగంలో ఆ ముల్లు ఎంత ఉందో, రెండో సగం చివరి రైడ్లలో ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే కాళ్ళు ఎప్పుడు బరువెక్కాయో తెలుస్తుంది. మొత్తం శ్రమని ఒకే అంకెలో చూడాలంటే, వరస వెంట వరస మూడు దిక్కుల తేడాల్నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీసి, అన్నిటినీ కలిపి 100తో భాగించాలి. కేటపల్ట్ వాళ్ళు 'ప్లేయర్ లోడ్' అని చూపించేది ఇదే సూత్రం. ఈ అంకెని ఇంకో ఆటగాడి అంకెతో పోల్చకండి. పట్టీ బిగువు మారితేనే అంకె మారిపోతుంది. వదులుగా ఉంటే పాడ్ తనంతట తాను ఊగి, చేయని పనికి కూడా లెక్క కట్టేస్తుంది.

పూర్తి పట్లతో ఆడే రోజు పాడ్ తీసేయాలి. దూకి ఛాతీ మీద పడితే ఎముకకి గుచ్చుకుంటుంది, పట్టినవాడి ముఖానికీ తగులుతుంది. ఇది ప్రాక్టీసు డ్రిల్లుల సరంజామా, మ్యాచ్‌ది కాదు.

వాలీబాల్ వాళ్ళకి కావాల్సింది గెంతుల లెక్క. గాల్లో ఉన్నంతసేపూ యాక్సెలరోమీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది, కాబట్టి గాల్లో ఉన్న సమయం సులువుగా దొరుకుతుంది. ఆ సమయాన్ని వర్గం చేసి 9.81తో గుణించి 8తో భాగిస్తే ఎత్తు. 0.60 సెకన్లకి 44 సెంటీమీటర్లు, 0.61కి 45.6. అంటే సెకనుకి 100 సార్లు కొలిచేటప్పుడు ఒక్క శాంపిల్ (ఒక్క కొలత) తేడాకే ఒకటిన్నర సెంటీమీటరు. మోకాళ్ళు బాగా ముడిచి దిగేవాడికి గాల్లో సమయం పెరిగి, ఎగరని ఎత్తు కూడా కనబడుతుంది. అందుకని ఎత్తు మీద పందేలు కట్టకుండా ఎన్ని గెంతులో లెక్కపెట్టుకోండి. స్పైకర్ మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నప్పుడు వారంలో గెంతుల సంఖ్య ఎలా పెరిగిందో చూస్తే కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

గుండె లయ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. రైడ్ 30 సెకన్లు. గుండె అంత తొందరగా అందుకోదు. రైడ్ అయిపోయి కుర్రాడు వెనక్కొచ్చి నిలబడ్డాక లయ పైకి చేరుతుంది. ఒక్కో రైడ్‌కి గుండె అంకె రాసుకోవడం వృథా. డ్రిల్లు ఆపాక 60 సెకన్లలో ఎంత దిగిందో చూడండి, అది పనికొస్తుంది. గరిష్ఠ లయకి 220లోంచి వయసు తీసేసే లెక్కతో 22 ఏళ్ళవాడికి 198 వస్తుంది. వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేస్తే 193. రెండూ సగటు లెక్కలే, మనిషికీ మనిషికీ పదేసి తేడా ఉంటుంది. గట్టి ప్రాక్టీసులో ఆ కుర్రాడికి నిజంగా కనబడ్డ పెద్ద అంకెనే వాడుకోవడం మేలు. చేతి వాచీ మీద ఆధారపడొద్దు. చేతులు విసిరే ఆటలో మణికట్టు దగ్గర పచ్చ లైటు తప్పు చదువుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన గాలిలో తేమకి చెమట ఆరదు. ఒళ్ళు చల్లబడదు. అదే పనికి గుండె లయ ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి ఫిట్‌నెస్ పడిపోయిందని కుర్రాడిని తిట్టకండి. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా తూకం చూడండి. తగ్గిన కిలోకి సుమారు లీటరు చెమట పోయినట్టు. తాగిన నీళ్ళని దానికి కలుపుకోవాలి. కొబ్బరిబొండాం మన దగ్గర చవకే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. ఉప్పేసిన పల్చటి మజ్జిగ దానికి తోడుండాలి.

పరికరాలు ఎక్కువగా చెడేది కూడా ఈ చెమట వల్లే. పట్టీని పాడ్‌తో సహా సంచిలో కుక్కేస్తే, తడి వల్ల మనిషి కట్టుకునే ఉన్నాడనుకుని పాడ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. గుండ్రటి బ్యాటరీ వారాల్లో అయిపోతుంది. టిచ్ బటన్ల చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది, అక్కడి నుంచి లయ ఎగుడుదిగుడుగా వస్తుంది. ప్రాక్టీసు అవ్వగానే పాడ్ ఊడదీసి తుడవాలి, పట్టీని మంచినీళ్ళలో జాడించి నీడపట్టున ఆరేయాలి. రాజోలు, అంతర్వేది వైపు బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో జాడిస్తే చెమటలో ఉతికినట్టే. కట్టే ముందు లోపలివైపు నల్లటి భాగాలు తడపండి. ఛాతీకి కొబ్బరినూనె, నొప్పుల మందు రాసుకుని కడితే సంకేతం అందదు. తడిసిన పాడ్‌ని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు ఉందిగా, దానివల్ల పిండి దుమ్ము పట్టడమే గానీ ఆరేది తక్కువ. మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసుకుని అందులో ఉంచండి.

ఇవేవీ కొనలేకపోతే ఒక నోటు పుస్తకం. అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ పద్ధతి అది. ప్రాక్టీసు అయిన అరగంటకి 'ఎంత కష్టమనిపించింది' అని 0 నుంచి 10 లోపు అడిగి, నిమిషాలతో గుణించాలి. 3 అంటే మోస్తరు, 5 కష్టం, 7 చాలా కష్టం, 10 అంటే ఇంక నావల్ల కాదు. 90 నిమిషాలకి 6 చెబితే 540. అందరి ముందూ అడిగితే ప్రతివాడూ 'ఏం లేదు సార్, బానే ఉంది' అంటాడు. ఒక్కొక్కడినీ పక్కకి పిలిచి అడగాలి. వారం మొత్తం కూడుకుంటే మన సంక్రాంతి జట్ల రోగం బయటపడుతుంది. మూడు నెలలు వారానికి 1,000 దగ్గర ఉన్నది డిసెంబర్ ఆఖరున రోజుకి రెండు పూటల ప్రాక్టీసుతో ఒక్కసారిగా 4,000 దాటుతుంది. తొడ వెనక కండరం పట్టేసేది ఆ వారాల్లోనే. ఈ వారం లెక్కని నాలుగు వారాల సగటుతో భాగించి 0.8 నుంచి 1.3 లోపు ఉండాలనే సూత్రం ప్రచారంలో ఉంది. దానిమీద శాస్త్రవేత్తల్లో గట్టి విమర్శలున్నాయి కాబట్టి గీత గీసినట్టు పాటించనక్కర్లేదు. నవంబర్ చివరి నుంచే కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తే దాని అవసరమే పెద్దగా రాదు.

ఈ అంకెల్ని జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. గుండె లయ ఆరోగ్య సమాచారం. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. హైస్కూలు జట్లయితే పీఈటీ సార్లు ముందే కాగితం రాయించుకోవాలి. ఇంకొకటి: కూర్చుని ఉన్న కుర్రాడికి లయ ఉన్నట్టుండి 180కి ఎగిరితే ముందు పట్టీ తడిపి, బిగించి, వేరే పాడ్ పెట్టి చూడండి. అప్పుడూ అలాగే ఉంటే, లేదా వాడు కళ్ళు తిరుగుతున్నాయనో గుండె దడగా ఉందనో అంటే, ఆట అక్కడితో ఆపించి ఈసీజీ తీయించండి.