కాంక్రీటు పోయకముందే చేపల సంగతి చూడండి

మా కడప జిల్లాలో ఏ దిక్కు పోయినా రోడ్లు వెడల్పు చేస్తున్నారు, పాత కల్వర్టులు పీకి కొత్తవి కడుతున్నారు. సంతోషమే. కానీ ఈ మాట ఇప్పుడే చెప్పాలి, కాంక్రీటు పోశాక చెప్పి లాభం లేదు.

మన వంకలు ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఎండిపోయి ఉంటాయి, వాటిలో చేపలేంటి అనుకోవద్దు. వాన గట్టిగా పడి వంక పారిందంటే చాలు, కింద చెరువులో ఉన్న పరిగలు, జెల్లలు, వాలుగలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. రోడ్డు దాకా వచ్చి అక్కడ ఆగిపోతాయి. ఎందుకంటే సిమెంటు తూముల్లోంచి నీళ్లు పడీ పడీ కింద మట్టి కోసుకుపోయి మడుగైపోయుంటుంది, తూము అంచేమో మోకాలెత్తున ఉంటుంది, వేలెడంత పరిగ అంతెత్తు ఎగరలేదు. ఎగిరినా లోపలంతా నున్నటి సిమెంటు, వంక వెడల్పున రావాల్సిన నీళ్లన్నీ రెండు తూముల్లోంచి దూసుకొస్తుంటే కాసేపు ఆగడానికి చాటుగా ఒక రాయి కూడా ఉండదు. ఇక ఆ మడుగులోనే తిరిగి తిరిగి కొంగలకో వలలకో దొరికిపోతాయి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. 1854-55 ఒప్పందాల్లో మాకు చేపలు పట్టే హక్కు రాసిచ్చారు, మీ కల్వర్టులు సాల్మన్ చేపల్ని ఆపేస్తే ఆ హక్కు ఏం చేసుకోవాలని అక్కడి ఆదివాసీ తెగలు 2001లో అడిగాయి. 2013లో కల్వర్టులు మార్చాలని కోర్టు ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు జడ్జీలు 4-4గా చీలిపోవడంతో అదే తీర్పు నిలిచింది. ఇప్పుడు వందల కోట్ల డాలర్లు పెట్టి నడుస్తున్న హైవేలనే తవ్వుతున్నారు. వాగు గట్టు నుంచి గట్టుకు ఉన్న వెడల్పుకు 1.2 రెట్లు, దానికి ఇంకో రెండడుగులు కలిపి కొత్త కల్వర్టు వెడల్పు లెక్క వేస్తారు. కల్వర్టు అడుగుభాగాన్ని వాగు మట్టానికి కిందికి దించి, పైన రాళ్లూ ఇసుకా నింపుతారు.

ఆ కొలతలే ఇక్కడ పెట్టమని నేననను, వాళ్ల వాగులు వేరు, మన వంకలు వేరు. కానీ బాక్సు కల్వర్టు, అంటే పెట్టెలా కట్టే కాంక్రీటు కల్వర్టు, అడుగుభాగం కాస్త కిందికి దించి కట్టడం, తవ్వకం ఎలాగూ జరుగుతున్న ఇప్పుడు సులువు. నోరు వెడల్పుగా ఉంటే కంపచెట్లు కొట్టుకొచ్చి అడ్డంపడి నీళ్లు రోడ్డెక్కే బాధా తగ్గుతుంది. ఏ వంకలో చేప ఎక్కుతుందో డ్రాయింగులో ఉండదు, చెరువు వేలంలో పాడుకున్న మత్స్యకార సంఘం వాళ్లకు తెలుసు. పని మొదలయ్యే ముందు ఇంజనీరు వాళ్లను వెంటబెట్టుకుని వంకలో నడవాలి. తూము కింద గుంత ఎండాకాలంలో ఇంకా బాగా కనబడుతుంది.