టీఎన్‌ఎఫ్‌కి కళ్లెం వేసే ప్రోటీన్

ఆటోఇమ్యూన్ జబ్బులంటే (మన రోగనిరోధక వ్యవస్థ మన శరీరం మీదే దాడి చేసేవి) అందరూ యాంటీబాడీల గురించే మాట్లాడతారు, నాకు మాత్రం ట్రిస్టెట్రాప్రోలిన్ అనే ప్రోటీన్ గురించి పదిమందికీ తెలియాలని ఉంటుంది. వాపుని పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ తయారవ్వాలంటే ముందు దాని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు నుంచి వచ్చే తయారీ సూచనల కాపీ, కావాలి కదా, ఆ ఆర్‌ఎన్‌ఏ చివర్లో ఏ, యూ అక్షరాలు ఎక్కువగా ఉండే చోటుని ట్రిస్టెట్రాప్రోలిన్ తన రెండు జింక్ ఫింగర్లతో (జింక్ అణువు ఆధారంగా మడతపడిన వేళ్లలాంటి భాగాలతో) పట్టుకుని, ఆ ఆర్‌ఎన్‌ఏ తోకని కత్తిరించే ఎంజైములను అక్కడికి రప్పిస్తుంది. తోక పోయాక ఆర్‌ఎన్‌ఏ ఎక్కువసేపు నిలవదు.

1996లో ట్రిస్టెట్రాప్రోలిన్ జన్యువు తీసేసిన చిట్టెలుకల్ని చూస్తే, పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నాయి, త్వరలోనే చిక్కిపోయి, కీళ్లు వాచి, సొంత డీఎన్‌ఏ మీదే యాంటీబాడీలు తయారుచేసుకున్నాయి. టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఆ బాధలు దాదాపు రానేలేదు! ఒక్క ప్రోటీన్ లేకపోతే ఇంత జరుగుతుందా అనిపించింది.

కీళ్లని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి వాడే యాంటీ-టీఎన్‌ఎఫ్ మందులు తయారైపోయిన టీఎన్‌ఎఫ్‌ని పట్టుకుంటాయి, ట్రిస్టెట్రాప్రోలిన్ అయితే అసలు తయారీనే తగ్గిస్తుంది.